ఆర్వో ఫిల్టర్లు ఎన్నాళ్లకు మార్చాలి?

"ఏడాదికోసారి అన్ని ఫిల్టర్లూ మార్చాలని సర్వీసు అబ్బాయి అంటున్నాడు, నిజమేనా?" అని అడిగారు. అన్నీ ఒకేసారి అక్కర్లేదండి.

మెషిన్ బయట బౌల్‌లో ఉండే తెల్లటి ప్రీఫిల్టర్ 3 నుంచి 6 నెలలు వస్తుంది. మా బోరు నీళ్లకైతే మూడో నెలకే ఇటుక రంగుకు తిరిగి, చేత్తో ముట్టుకుంటే జిగటగా తగులుతుంది. అలా కనిపిస్తే తేదీ చూడకుండా మార్చేయండి. లోపలి సెడిమెంట్ (మట్టి, ఇసుక ఆపేది), కార్బన్ ఫిల్టర్లు 6 నెలల నుంచి ఏడాది వస్తాయి. కార్బన్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్‌ను ఆపేది అదే. అది పనిచేయకపోతే క్లోరిన్ మెంబ్రేన్‌ను, అంటే నీళ్లలోని ఉప్పును వడకట్టే అసలు పొరను, తినేస్తుంది.

ఖరీదైన మెంబ్రేన్ మామూలుగా 2, 3 ఏళ్లు వస్తుంది. ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లయితే ఏడాదికే పోవచ్చు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) కొలిచే మీటరుతో మీరే తేల్చుకోండి: 800 ఉన్న నీళ్లు 80 దగ్గర బయటికొస్తే బాగున్నట్టే, 200 దాటి పెరుగుతూ పోతుంటే మార్చే టైమ్ వచ్చినట్టు. కొలిచే ముందు టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ ఉంటే పూర్తిగా మూసేయండి. లేకపోతే మెంబ్రేన్ దాటని నీళ్లు కలిసి అంకె ఎక్కువ చూపిస్తుంది.

ధార సన్నబడిందని వెంటనే మెంబ్రేన్ కొనకండి. ముందు ప్రీఫిల్టర్ విప్పి చూడండి, చాలాసార్లు అడ్డం అక్కడే ఉంటుంది.