పక్క కణం మెరిస్తే వైరస్ వెళ్లినట్టేనా?

యలహంక, బెంగళూరు

చి. శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

జన్యువుల్ని మోసుకెళ్లే వైరస్ వెక్టర్లు ఒక కణం నుంచి ఇంకో కణానికి ఎలా చేరతాయో చూసే పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇన్నేళ్లు ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి కొన్ని మాటలు ముందే చెప్పాలనిపించింది.

వెక్టర్‌లో జీఎఫ్‌పీ అనే పచ్చగా మెరిసే ప్రోటీన్ జన్యువు పెడతాం కదా, మైక్రోస్కోప్ కింద పక్క కణం పచ్చగా మెరవగానే చాలామంది నోట్‌బుక్‌లో "వైరస్ వ్యాపించింది" అని రాసేస్తారు. నువ్వు "పక్క కణం మెరిసింది" అని మాత్రమే రాయి. నువ్వు కళ్లతో చూసింది అంతే. వ్యాపించిందని నిరూపించడం ఆ తర్వాతి పని.

అసలు ఈ వెక్టర్లను వ్యాపించకుండా ఉండేలాగే తయారు చేస్తారు. ఏఏవీ (అడినో అసోసియేటెడ్ వైరస్) తీసుకో. సుమారు 25 నానోమీటర్ల రేణువు, లోపల 4.7 వేల అక్షరాల డీఎన్ఏకి మాత్రమే చోటు. సొంత జన్యువులు తీసేసి మన జన్యువు పెడతాం కాబట్టి కణంలోకి వెళ్లాక పిల్లల్ని పెట్టలేదు. హెచ్ఐవీ నుంచి తయారు చేసిన లెంటీవైరస్ వెక్టర్ కూడా అంతే. మరి పక్క కణం ఎందుకు మెరిసింది? మొదట వేసిన రేణువులు కణాల పైపొరకు అంటుకుని ఉండి, తర్వాత ఊడి పక్కదానికి చేరి ఉండొచ్చు. వైరస్ తయారీకి వాడిన ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్ఏ ముక్క) అందులో మిగిలిపోయి ఉండొచ్చు. జీఎఫ్‌పీ ప్రోటీనే నేరుగా అంటుకుని ఉండొచ్చు. అందుకే కణాల్ని బాగా కడుగు, కణాల్ని ఊడదీసే ట్రిప్సిన్ ఎంజైమ్ వేసి కొత్త డిష్‌లోకి మార్చు, ఆ తర్వాతే వైరస్ చూడని కణాలతో కలుపు. కణాలు పెరిగే ద్రవం, అంటే పైన ఉన్న మీడియంను వడకట్టి వేరే కణాల మీద వేసి చూడు. మధ్యలో ట్రాన్స్‌వెల్ పొర (కణాలు దాటలేని సన్న రంధ్రాల పొర) పెట్టి చూడు. పొర ఉన్నా మెరిస్తే రేణువులు మీడియంలో తేలుతూ వచ్చాయన్నమాట. లెంటీవైరస్ అయితే ఒక డిష్‌లో జిడోవుడిన్ వేయి. అది ఆపే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ (వైరస్ ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ తయారవడం) ఆగిపోయాక కూడా మెరుస్తుంటే అది నిజమైన జన్యు బదిలీ కాదు.

ఇక మీ ల్యాబ్‌లో రేబీస్ వెక్టర్ వాడతారట, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. న్యూరాన్ల (నాడీకణాల) మధ్య కనెక్షన్లు వెతకడానికి 2007లో సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో వికర్‌షామ్, కాలవే బృందం చూపించిన పద్ధతి ఇది. రేబీస్ వైరస్‌కి ఉన్న 5 జన్యువుల్లో జీ అనేదాన్ని తీసేస్తారు. జీ ప్రోటీన్ లేకపోతే తర్వాతి న్యూరాన్‌లోకి పోలేదు. పైన పక్షుల వైరస్ నుంచి తెచ్చిన ఎన్వీఏ అనే ప్రోటీన్ తొడుగు వేస్తారు. అది కణంలోకి వెళ్లడానికి కావలసిన టీవీఏ రిసెప్టర్ చిట్టెలుక కణాల్లో ఉండదు. మనం ఎంచుకున్న స్టార్టర్ న్యూరాన్లకు మాత్రం టీవీఏనీ జీనీ ముందే వేరే ఏఏవీతో ఇస్తాం. దాంతో వైరస్ అక్కడ ఎక్కి, వాటికి సంకేతాలు పంపే న్యూరాన్లలో దిగుతుంది. అక్కడ జీ దొరకదు కాబట్టి ఇంకా ముందుకు పోలేదు. బీఎంటీసీ బస్సులో ఒక్క స్టాప్‌కే టికెట్ కొన్నట్టు.

ఇంత అందమైన పద్ధతిలోనూ లీకేజీ ఉంటుంది. టీవీఏ రవ్వంత అనుకోని చోట తయారైనా చాలు, వైరస్ ఎక్కేస్తుంది. అప్పుడు ఇంజెక్షన్ చేసిన చోటు చుట్టూ మెరిసే కణాలన్నీ కనెక్షన్లలా కనిపిస్తాయి. అందుకని నో-జీ కంట్రోల్ (జీ ఇవ్వని ఎలుక), నో-క్రే కంట్రోల్ (ఎంచుకున్న కణాల్లోనే జన్యువుల్ని ఆన్ చేసే క్రే ఎంజైమ్ లేని ఎలుక) లేకుండా ఒక్క ఎలుకకూ ఇంజెక్షన్ చేయకు. వీటికి ఎలుకలు దండగ అని ఎవరన్నా ఒప్పుకోకు. నో-జీ ఎలుకలో దూరప్రాంతాల్లో ఏదైనా మెరిస్తే మిగతా లెక్కలన్నీ ఆపేసి ముందు అది ఎందుకో కనుక్కో. ఎస్ఏడీ బీ19 అనే రేబీస్ వైరస్ రకం కణాలకు విషమే, ఎక్కువ రోజులు ఆగితే కణాలు చచ్చిపోతాయి. మెరవని న్యూరాన్‌కి కనెక్షన్ లేదని కూడా అనకు తల్లీ, ఈ పద్ధతి ఉన్న కనెక్షన్లలో కొంత భాగాన్నే పట్టుకుంటుంది.

ఏఏవీతో ఇంకో చిక్కుంది. ఏఏవీ1 అనే రకం ఎక్కువ టైటర్‌లో (గాఢతలో) ఇస్తే సినాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు) దాటి ముందుకు పోతుందని 2017లో చూపించారు. కానీ అది ఆక్సాన్ (న్యూరాన్ నుంచి సంకేతం మోసే పొడవాటి పోగు) చివర ఎక్కి వెనక్కి కూడా రాగలదు. రెండు ప్రాంతాలు పరస్పరం కలిసి ఉంటే అది ఎటు నుంచి వచ్చిందో చెప్పలేవు. రెట్రో ఏఏవీ అయితే సినాప్స్ దాటదు, అదే కణంలో ఆక్సాన్ కొస నుంచి కణదేహానికి వస్తుంది.

ఈ జాగ్రత్తలు ఎలుకలతో ఆగవు. వెల్లూరు సీఎంసీలో తీవ్రమైన హీమోఫీలియా-ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి వాళ్ల మూలకణాల్లోనే లెంటీవైరస్‌తో జన్యువు పెట్టి తిరిగి ఎక్కించిన ఫలితాలు 2024లో వచ్చాయి. అది చదివి చాలా గర్వపడ్డాను. అలాంటి చోట వెక్టర్ మళ్లీ పెరిగే శక్తి తెచ్చుకోలేదని పరీక్షించి తీరాలి.

వైరస్‌ను చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టు, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకు. మీ ఐబీఎస్‌సీ (సంస్థ జీవభద్రతా కమిటీ) అనుమతిలో నీ పేరు, నువ్వు వాడే వెక్టర్ పేరు ఉన్నాయో లేదో చూసుకో. రేబీస్ టీకా వేయించమని అడుగు, మొహమాటపడకు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు. యానిమల్ హౌస్‌లో పనిచేసే అన్నలతో నాలుగు కన్నడ ముక్కలు మాట్లాడు. ఏ ఎలుక నలతగా ఉందో మనకంటే ముందు వాళ్లే పసిగడతారు.

నో-జీ స్లైడ్లు సిద్ధం కాగానే ఆదివారం ఇంటికి పట్టుకురా, కూర్చుని లెక్కపెడదాం.

మీ పెద్దమ్మ