మీ నాన్న చీటీతో పక్కింటి పెద్దమ్మకు వైద్యమా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మోకాళ్ల నొప్పులకు నాన్నకు డాక్టర్ డైక్లోఫెనాక్, ట్రమడాల్ గోలీలు రాశారు. మిగిలినవి పక్కింటి పెద్దమ్మకు ఇచ్చాం. 62 ఏళ్లు, బీపీ ఉంది. పది రోజులుగా వేసుకుంటోంది. నొప్పి తగ్గింది, కాళ్లకు కొంచెం నీరు వచ్చింది. అట్లా ఇవ్వడం నేరమని మెడికల్ షాపాయన అన్నాడు. నిజమేనా?

జవాబు: కాళ్లకు నీరు వచ్చిందని చివర్లో ఒక్క ముక్క రాశారు. నాకు భయం వేసింది అక్కడే. డైక్లోఫెనాక్ ఈరోజే ఆపించండి. బీపీ గోలీ సొంతంగా ఆపొద్దు. ట్రమడాల్ రోజూ వేసుకుంటుంటే ఎట్లా మానాలో డాక్టర్‌నే అడగాలి. రేపు పొద్దున్నే దవాఖానకు తీసుకెళ్లి బీపీ చూపించి, మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే పరీక్ష), పొటాషియం చేయించండి. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, దొడ్డికి నల్లగా పోయినా రేపటిదాకా ఆగొద్దు.

డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెడతాయి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోలీ, మూత్రం పోయే గోలీ వాడేవాళ్లకు ఇది కూడా తోడైతే కిడ్నీలు కొద్దిరోజుల్లోనే దెబ్బతినొచ్చు. పైగా మీ వైపు పెద్దవాళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగారు. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ బయటికి పోవాల్సింది ముఖ్యంగా కిడ్నీల నుంచే. వాటినే నొప్పి గోలీలతో పాడుచేసుకుంటే ఎట్లా? ఓపీలో అవ్వలు కొంగుముడి విప్పి కత్తిరించిన గోలీ ముక్కలు చూపిస్తారు. మందు పేరుండదు, తేదీ ఉండదు. ‘పక్కింటోళ్లు ఇచ్చిన్రు సారూ’ అంటారు. అది విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఇచ్చినవాళ్లది మంచి మనసే, కానీ ఆమె బీపీ ఎవరు చూశారు?

ఇక చట్టం. షాపాయన మాట తేలిగ్గా తీసుకోవద్దు. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేకుండా షాపులోనే అమ్మకూడదు. లైసెన్సు లేకుండా మందులు అమ్మడం, పంచడం 1940 నాటి ఔషధ చట్టం ఒప్పుకోదు. ట్రమడాల్ సంగతి ఇంకా గట్టిది. 2018లో దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. చీటీ ఎవరి పేరున ఉంటే వాళ్లే వాడాలి, ఊరికే ఇచ్చినా సరే. మీ మీద కేసు అవుతుందా లేదా అన్నది వకీలు చెప్పాల్సిన మాట, నేను చెప్పలేను.

పెద్దమ్మ నొప్పి నిజమే, దానికి ఆమె పేరున వేరే చీటీ రాయించండి. వెళ్లేటప్పుడు మీరిచ్చిన రెండు స్ట్రిప్పులూ, ఆమె బీపీ గోలీలూ సంచిలో వేసుకెళ్లండి.