"నా కాలు!" అని అరిచే చేపకు ఒక పూర్తి ఎపిసోడ్ ఎందుకిచ్చారు?

'స్పాంజ్‌బాబ్ స్క్వేర్‌ప్యాంట్స్'లో ఏ ప్రమాదం జరిగినా గుంపులోంచి "మై లెగ్!" అనే కేక వినిపిస్తుంది. ఫ్రెడ్ అనే చేప గొంతు అది. 1999లో మొదలైన ఈ కార్టూన్‌లో, 2018లో వచ్చిన పదకొండో సీజన్ ఎపిసోడ్‌కు ఆ కేకనే పేరుగా పెట్టారు.

ఈ జోకు బలమంతా ఎవరూ పట్టించుకోకపోవడంలోనే ఉంది. గోడ కూలుతుంది, దుమ్ము లేస్తుంది, అర క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత కేక. చాలాసార్లు ముఖం కూడా కనిపించదు. కథ మాత్రం తన దారిన తాను సాగిపోతుంది. రెండు సెకన్ల ముచ్చట!

దాన్నే పదకొండు నిమిషాలకు సాగదీయాలంటే రచయితలకు మిగిలిన దారి ఒకటే: ఎవరో ఒకరు ఆ కేకను పట్టించుకోవాలి. ఆ పని స్పాంజ్‌బాబ్‌కు అప్పగించారు. అతను జాలిపడి సాయానికి వెళ్లిన కొద్దీ ఫ్రెడ్ కాలికి కొత్త కష్టాలు. అలా పాత జోకు చెడకుండానే దానికో కథ దొరికింది. అయితే కేక ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతుంది కాబట్టి, పాత ఎపిసోడ్లలోని ఆ ఉలిక్కిపాటు ఇందులో కొంత తగ్గిందనే నా అభిప్రాయం.

అన్నట్టు, ఫ్రెడ్‌కు గొంతిచ్చిన మిస్టర్ లారెన్సే ఈ కార్టూన్‌లోని విలన్ ప్లాంక్టన్‌కూ గొంతిచ్చారు.