అమ్మకి ఆ టీవీ యాడ్ లైఫ్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా?

డబ్బు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాన్నగారు పోయాక అమ్మకి గ్రీన్ కార్డ్ చేయించి నా దగ్గరికే తెచ్చుకున్నాను. ఇప్పుడు తనకి 67. షుగర్ ఉంది (టాబ్లెట్లే, ఇన్సులిన్ లేదు), బీపీ ఉంది, ఆరేళ్ళ క్రితం విజయవాడలో ఒక స్టెంట్ వేశారు. మధ్యాహ్నం టీవీలో ఏదో యాడ్ చూసింది, అప్పట్నుంచి ఒకటే పోరు. మెడికల్ టెస్టులు ఉండవట, హెల్త్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరట, 50 నుంచి 85 మధ్య ఎవరికైనా కాదనకుండా పాలసీ ఇస్తారట, నా కర్మల ఖర్చు అల్లుడి మీద పడకూడదు నేను తీసుకుంటా అంటుంది. ఫోన్ చేసి కనుక్కుంటే 10,000 డాలర్లకి నెలకి 62 డాలర్లు అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య అదంతా మోసం అంటాడు, మా ఆయనేమో 62 డాలర్లే కదా పెద్దావిడ మనశ్శాంతి కోసం కట్టేద్దాం అంటారు. అమ్మ కోరిక ఒకటే, అస్థికలు రాజమండ్రిలో గోదావరిలో కలపాలి. తీసుకోమంటారా, వద్దంటారా?
– ఒక కూతురు, ఫ్రిస్కో

జవాబు: మోసం కాదమ్మా, మీ అన్నయ్యకి చెప్పండి. కాకపోతే మీ అమ్మగారి కోసం తయారు చేసిన సరుకు కూడా కాదది. ఆవిడ ఆరోగ్యం ఆ పాలసీకి మరీ ఎక్కువ బాగుంది! నవ్వుకోకండి, నిజంగానే చెప్తున్నా.

దీన్ని ఇక్కడ గ్యారంటీడ్ ఇష్యూ అంటారు, గ్యారంటీడ్ యాక్సెప్టెన్స్ అన్నా అదే. ప్రశ్నలు అడక్కుండా పాలసీ ఇస్తాం అని బోర్డు పెడితే ముందు ఎవరొస్తారు చెప్పండి, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళు, కేన్సర్‌కి మందులు వాడుతున్నవాళ్ళు, ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ళు, ఇంకెక్కడా దొరక్క తిరిగి తిరిగి వచ్చినవాళ్ళు. ఆ సంగతి కంపెనీకి మనకంటే బాగా తెలుసు. అందుకే రెండు వైపుల నుంచీ కాచుకుంటుంది. ఒకటి, అదే వయసు ఆరోగ్యవంతులకి పడేదానికంటే ప్రీమియం చాలా ఎక్కువ, పాలసీ మొత్తం మాత్రం చిన్నది, మామూలుగా 25,000 డాలర్లు దాటనివ్వరు. రెండోది ఇంకా ముఖ్యం, మొదటి రెండేళ్ళు (కొన్నిట్లో మూడేళ్ళు) జబ్బు చేసి పోతే 10,000 రాదు, అప్పటిదాకా మీరు కట్టిన డబ్బు, దాని మీద ఓ పది శాతం అలా కలిపి తిరిగిస్తారు, అంతే. యాక్సిడెంట్‌లో పోతే మాత్రం మొదటి రోజు నుంచీ మొత్తం ఇస్తారు. 67 ఏళ్ళ మనిషికి ఏది దగ్గరో మీకు నేను చెప్పక్కర్లేదు.

మాకు తెలిసిన ఒక పెద్దాయన సంగతి చెప్తా. 72 ఏళ్ళప్పుడు ఇలాంటిదే 15,000 పాలసీ తీసుకున్నారు, నెలకి 130 చొప్పున కట్టుకుంటూ వచ్చారు, పంతొమ్మిదో నెలలో నిద్రలోనే పోయారు పాపం. పిల్లలు 15,000 వస్తాయనుకుని ఫ్యూనరల్ హోమ్‌లో క్రెడిట్ కార్డు గీకేశారు. వచ్చింది రెండు వేల ఏడొందల చిల్లర. వాళ్ళు కంపెనీకి ఫోన్ చేసి గట్టిగానే అరిచారు, కానీ పాలసీ కాయితాల్లో అంతా రాసే ఉంది, ఆయన సంతకమూ ఉంది. ఆ కాయితం ఇంట్లో ఎవరూ చదవలేదు, నాకు చూపించింది కూడా ఆయన పోయాకే.

ఇప్పుడు మీ 62 డాలర్ల లెక్క. ఏడాదికి 744. మొదటి రెండేళ్ళలో కట్టేది 1,488, ఆ లోపు జరగరానిది జరిగితే మహా అయితే 1,637 వస్తాయి, అంటే మీ డబ్బే మీకు. రెండేళ్ళు దాటాక లాభం మొదలవుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి, 70 ఏళ్ళకి పోతే రెండు వేల చిల్లర కట్టి 10,000 తీసుకున్నట్టు. కానీ పదమూడున్నరేళ్ళు కడితే మీరు కట్టిందే 10,000 దాటిపోతుంది, అప్పటికి అమ్మగారికి 80. ఇవే 62 డాలర్లు 4 శాతం వడ్డీ ఇచ్చే సేవింగ్స్ అకౌంట్‌లో నెలనెలా వేస్తే పదేళ్ళ తొమ్మిది నెలలకే 10,000 అయిపోతాయి, మధ్యలో ఏ అవసరం వచ్చినా తీసుకోవచ్చు కూడా. పాలసీలో అలా కుదరదు. ఆవిడ 85 దాకా హాయిగా ఉండాలనే కదా మనం కోరుకునేది, ఆ కోరిక తీరితే నష్టపోయే బేరం ఇది.

ఇంకో చిక్కుంది. మధ్యలో కట్టడం ఆపేస్తే పాలసీ పోతుంది, చేతికొచ్చే సరెండర్ విలువ కట్టినదాంట్లో కొంతే. పెద్దవాళ్ళ అకౌంట్ మారిపోవడం, కార్డు ఎక్స్‌పైర్ అవడం, మతిమరుపు రావడం, ఇలా పన్నెండేళ్ళు కట్టింది ఒక్క నెల తప్పి పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

మరి ఏం చెయ్యాలి అంటే, పాలసీయే కావాలనుకుంటే ముందు ఆ యాడ్‌లో నంబర్ పక్కన పెట్టి ఒక ఇండిపెండెంట్ ఏజెంట్‌ని పట్టుకోండి, అంటే ఒకే కంపెనీకి కాకుండా నాలుగైదు కంపెనీలకి పనిచేసేవాళ్ళు. సింప్లిఫైడ్ ఇష్యూ ఫైనల్ ఎక్స్‌పెన్స్ పాలసీలు (కొన్ని ప్రశ్నలే అడిగి కర్మల ఖర్చుకి ఇచ్చే చిన్న పాలసీలు) చూపించమని ఆ మాటతోనే అడగండి. అందులో కూడా రక్తపరీక్షలు గట్రా ఏమీ ఉండవు, ఓ పది పదిహేను ప్రశ్నలుంటాయి, డయాలిసిస్ ఉందా, నర్సింగ్ హోమ్‌లో ఉన్నారా, రెండేళ్ళలోపు కేన్సర్ కానీ గుండెపోటు కానీ వచ్చిందా, ఇలాంటివి. టాబ్లెట్లతో కంట్రోల్‌లో ఉన్న షుగర్, బీపీ చాలా కంపెనీలు పట్టించుకోవు, స్టెంట్ వేసి ఆరేళ్ళయింది కాబట్టి అదీ ఎక్కువ చోట్ల దాటిపోతుంది. పాసైతే ప్రీమియం తగ్గుతుంది, పైగా మొదటి రోజు నుంచే మొత్తం కవర్. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీ ఔనంటుంది, ప్రశ్నలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. దాచడం మాత్రం వద్దు, ఇక్కడ మందుల షాపు రికార్డులు వాళ్ళు తీసి చూస్తారు, రెండేళ్ళలోపు క్లెయిమ్ వస్తే పాత కాయితాలన్నీ తిరగేస్తారు. స్టెంట్ ఇండియాలో వేశారు కదా వీళ్ళకెలా తెలుస్తుంది అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు మీకు, వినకండి.

అసలు ఎంత కావాలి అన్నది కూడా చూసుకోండి. ఫ్యూనరల్ డైరెక్టర్ల జాతీయ సంఘం 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం శవపేటికతో, ఖననంతో చేసే ఫ్యూనరల్ మధ్యస్థంగా 8,300 డాలర్లు, దహనంతో అయితే 6,280. అది కూడా పార్థివదేహాన్ని చూడ్డానికి పెట్టడాలు, హాలు అద్దెలు కలిపి. ఆ హంగులు లేకుండా నేరుగా దహనం అంటే ఇంకా బాగా తక్కువలో అయిపోతుంది. రేటు ఊరికో రకం, పక్కపక్క ఫ్యూనరల్ హోమ్స్‌లోనే రెట్టింపు తేడా ఉంటుంది, ఫోన్‌లో అడిగితే ధర చెప్పి తీరాలి, వెళ్తే ధరల కాయితం చేతికివ్వాలి, 1984 నుంచి ఉన్న ఫెడరల్ రూల్ అది. ఏడుస్తూ వెళ్ళినవాళ్ళు బేరమాడలేరు కాబట్టే ఆ రూల్ పెట్టారు, మీరు ఇప్పుడే తీరిగ్గా నాలుగు చోట్లకి ఫోన్ చేసి రాసిపెట్టుకోండి. అస్థికలు విమానంలో చేత్తో తీసుకెళ్ళచ్చు, డబ్బా మాత్రం ఎక్స్‌రే దూరేదై ఉండాలి, చెక్కదో ప్లాస్టిక్‌దో, ఎందుకంటే లోపల కనపడకపోతే సెక్యూరిటీ వాళ్ళు డబ్బా తెరవరు, దాన్ని లోపలికీ పంపరు. డెత్ సర్టిఫికెట్, క్రిమేషన్ సర్టిఫికెట్ దగ్గరుండాలి, ఇంకేం కావాలో ఇండియన్ కాన్సులేట్ వాళ్ళని అడగండి. రాజమండ్రిలో కోటిలింగాల రేవుకి చేరడానికి ఎక్కువ ఖర్చు విమానం టికెట్టుదే, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది 10,000 పాలసీ అవసరమయ్యేంత ఖర్చు కాదని నా అభిప్రాయం.

మీ స్థానంలో నేనైతే అసలు ఏ పాలసీ తీసుకోను. అమ్మ పేరు మీద ఒక సేవింగ్స్ అకౌంట్ తెరిచి, పేయబుల్ ఆన్ డెత్ అని మీ పేరు రాయించి, మీరూ అన్నయ్యా కలిసి ఒక నాలుగు వేలు మొదట్లోనే వేసి, ఆ 62 డాలర్లు ప్రతి నెలా ఆవిడ చేతే వేయిస్తాను. ఆవిడకి కావాల్సింది ఇన్సూరెన్స్ కాదు, ఎవరికీ బరువు కాలేదన్న తృప్తి. పోయాక డెత్ సర్టిఫికెట్ చూపిస్తే బ్యాంకు ఆ డబ్బు మీకిచ్చేస్తుంది, కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు.

గ్యారంటీడ్ పాలసీ ఎవరికీ పనికిరాదా అంటే పనికొస్తుంది. చేతిలో పైసా లేదు, నాలుగు కంపెనీలు కాదన్నాయి, జబ్బు పెద్దదే కానీ రెండేళ్ళు గట్టెక్కుతానన్న నమ్మకం ఉంది, అలాంటివాళ్ళకి ఇదొక్కటే తలుపు. అలా తీసుకునేవాళ్ళు ప్రీమియం పెరగదని, 80 ఏళ్ళకి ఆగిపోదని కాయితంలో చూసుకోవాలి. నెలకి 9.95 డాలర్లే అని యాడ్‌లో వస్తుందే, అది ఒక యూనిట్ (కవర్‌లో ఒక చిన్న ముక్క) ధర, పాలసీ ధర కాదు, చేరే వయసు పెరిగేకొద్దీ ఆ యూనిట్‌కి వచ్చే మొత్తం తగ్గిపోతుంది, కాబట్టి నాకు ఇన్ని డాలర్లు కావాలి ఎంతవుతుంది అని అడగాలి. కట్టడం తప్పితే నోటీసు ఇంకొకరికి కూడా పంపమని పిల్లల పేరు రాయించాలి. తీసుకున్నాక మనసు మారితే వాపసు ఇవ్వడానికి రాష్ట్రాన్ని బట్టి 10 నుంచి 30 రోజులు టైమ్ ఉంటుంది.

ప్రశ్న: కొత్త కంపెనీలో చేరాను, హెచ్-1బి మీద. బెనిఫిట్స్ పోర్టల్‌లో లైఫ్ ఇన్సూరెన్స్ దగ్గర గ్యారంటీడ్ ఇష్యూ అని కనపడింది, అలాంటివి తీసుకోకూడదని విన్నాను. వదిలేయనా?
– ఒక పాఠకుడు, షార్లెట్

జవాబు: అయ్యో వదలకండి! పేరొకటే, సరుకు వేరు. అది గ్రూప్ ఇన్సూరెన్స్, మీ ఆఫీసులో ఆరోగ్యంగా ఉన్న వందమందితో కలిపి లెక్క కడతారు కాబట్టి ప్రశ్నలు లేకపోయినా రేటు మండదు, రెండేళ్ళ ఆగుడూ మామూలుగా ఉండదు. కొత్తగా చేరినప్పుడు దాదాపు నెలలోపు ఒక పరిమితి వరకు అలా ఇస్తారు, గడువు దాటాక కావాలంటే హెల్త్ ఫారాలు నింపాలి. షుగర్ లాంటిది ఏమైనా ఉంటే ఇప్పుడే పరిమితి మొత్తం తీసుకోండి. కంపెనీ కట్టేదాంట్లో 50,000 డాలర్ల కవర్ దాకా మీకు టాక్స్ కూడా పడదు. ఉద్యోగం మారితే పోతుంది కాబట్టి, ఆరోగ్యం బాగుంటే బయట సొంతంగా ఒక టర్మ్ పాలసీ కూడా పెట్టుకోండి.

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. అమ్మకి 48, షుగర్ ఉంది. బ్యాంకులో ఏదో ఇన్సూరెన్స్ కింద 436 రూపాయలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. షుగర్ ఉందని చెప్పలేదు, రేపు క్లెయిమ్ ఆపేస్తారా?
– ఒక కొడుకు, ఎల్బీనగర్

జవాబు: అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మన దగ్గర వైద్య పరీక్ష లేకుండా కాదనకుండా ఇచ్చేవాటిల్లో ఇదొకటి, నిజంగా చవక. ఏ కారణంతో పోయినా 2 లక్షలు, చేరిన మొదటి 30 రోజులు మాత్రం యాక్సిడెంట్ తప్ప వేరే దేనికీ రాదు. 18 నుంచి 50 లోపు చేరాలి, 55 దాకా నడుస్తుంది, జూన్ 1 నుంచి మే 31 ఒక ఏడాది. మధ్యలో ఆపి మళ్ళీ చేరితే ఆ 30 రోజులు మళ్ళీ మొదలు, కాబట్టి మే నెలాఖరుకి అకౌంట్‌లో 500 ఉండేలా చూడండి. రెండు బ్యాంకుల్లో రెండు సార్లు కట్ అవుతుంటే ఒకటి ఆపించండి, ఎన్ని కట్టినా వచ్చేది 2 లక్షలే. అమ్మ పేరు మీద పట్టాదారు పాస్‌బుక్ ఉంటే తెలంగాణ రైతు బీమా కూడా చూడండి, 18 నుంచి 59 ఏళ్ళ రైతులకి 5 లక్షలు, 2018 నుంచి ఉంది, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, అక్కడా ఆరోగ్యం అడగరు, మీ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర ఫారం ఇవ్వాలి. ఈసారి ఊరెళ్ళినప్పుడు రెండిట్లోనూ నామినీగా ఎవరి పేరుందో చూడండి, చాలామందికి పోయిన భర్త పేరే అలాగే ఉండిపోతుంది.