ఆడపిల్ల ఆవు వెనక నిలబడొచ్చా అని అడిగిన తండ్రికి

జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాశారు: "మా పాపకు ఎంబీబీఎస్ సీటు అందలేదు. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) వచ్చేలా ఉంది. ఫోన్‌లో వీడియోలు చూసి, ఆవులకు పిండమార్పిడి చేసే డాక్టర్నవుతా అంటోంది. ల్యాబ్ పెడితే నెలకు లక్షలంట. గవర్నమెంటు ఉద్యోగం మేలా, ఈ ల్యాబ్ మేలా, పోల్చి చెప్పండి. ఇంట్లో మాత్రం ఆడపిల్ల ఆవు వెనక నిలబడి చెయ్యి పెట్టే పని చేసేదేంది, రేపు సంబంధాలు ఎట్లొస్తాయి అంటున్నారు. మాకూ రెండు ఎనుములు (గేదెలు) ఉన్నాయి. ఒకటి తొమ్మిదో నెల చూడి."

అయ్యా, మీరు పోల్చమన్నది రెండు ఉద్యోగాలను. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం సంబంధాల సంగతి. కడపలో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో బీవీఎస్సీ పేరెత్తిన ప్రతి రెండో ఇంట్లో ఈ మాట వింటాను. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

పిండమార్పిడి అంటే మేలు జాతి ఆవు పిండాన్ని వేరే ఆవు కడుపులో పెట్టడం. పులివెందుల వైపు ఒక పల్లెలో ఆ క్యాంపు జరుగుతుంటే చూడ్డానికి వెళ్లాను. వచ్చిన డాక్టరు ఒక అమ్మాయి, ముప్పై లోపే ఉంటుంది. ఆవును చెక్కల మధ్య నిలబెట్టి, తోక మొదట్లో మత్తు సూది వేసింది. భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుని ఎడమ చెయ్యి లోపలికి పెట్టి, కళ్లు మూసుకుంది. ఈసారి అండం ఏ వైపు నుంచి విడుదలైందో వేళ్లతో తడిమి చూస్తోందని పక్కనున్నాయన చెప్పాడు. పిండాన్ని ఆ వైపు గర్భసంచి కొమ్ములోనే వదలాలి, అవతలి వైపు వదిలితే నిలిచే అవకాశం బాగా తగ్గిపోతుంది. కుడి చేత్తో సన్నని గన్ను తోసి, నెమ్మదిగా నొక్కి, బయటికి తీసింది. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆవు గల పెద్దామె "నిలుస్తాదామ్మా?" అనింది. "నెల దాటాక స్కానింగ్ చేసి చెప్తానమ్మా, ఇప్పుడే మాటివ్వలేను" అనింది డాక్టరు. పెద్దామె చెంబుతో నీళ్లు పోసి, సబ్బిచ్చి, చేతులు కడుక్కున్నాక మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ వాకిట్లో ఒక్కరు కూడా ఆడపిల్ల ఈ పనేంది అనలేదు. అందరి కళ్లూ ఆవు మీదే ఉన్నాయి.

మీకు కోపం వచ్చినా ఒకటి అడగాలి. మీ కొట్టంలో పొద్దున ఐదింటికి పేడ ఎత్తేది ఎవరు? పాలు పిండేది ఎవరు? ఈనాక మాయ పడకపోతే రాత్రంతా మేల్కొని చూసేది ఎవరు? మీ భార్య, మీ పాప కాదా? ఇంట్లో కూలి లేకుండా చేస్తే కనబడని నామోషీ, ఐదున్నరేళ్లు చదివి జీతానికి చేస్తే ఎక్కడి నుంచి వచ్చింది? చదువుకున్న ఇంటి సంబంధాలు డాక్టరు అమ్మాయిని వెతుక్కుంటూ వస్తాయి. పేడ వాసన అని ముఖం తిప్పుకునే ఇల్లు రాకపోతే మీకు నష్టమేమీ లేదు. ఈ మాటలు పాప ముందర ఇంకోసారి అననివ్వకండి. ఆ వయసులో పిల్లలు చాలా లోతుగా గుర్తుపెట్టుకుంటారు.

ఇక ల్యాబ్ సంగతి. ఇక్కడ నాకు గట్టి అనుమానాలున్నాయి.

వీడియోల్లో చూపించేది సగమే. ఆవు ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకొస్తుంది, మామూలుగా ఒక్క అండమే విడుదలవుతుంది. మేలు జాతి ఆవుకు నాలుగు రోజుల పాటు హార్మోను సూదులేసి ఎక్కువ అండాలు వచ్చేలా చేసి, ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేసి, ఏడో రోజున పిండాలను కడిగి తీసి వేరే ఆవుల్లో పెట్టడం పాత పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా సూదితో అండాలను లాగి, ల్యాబులో ఫలదీకరణ చేసి, 38.5 డిగ్రీల దగ్గర వారం పాటు పెంచి, ఆ తర్వాత పెడుతున్నారు. ఇంత చేసినా పొలాల దగ్గర పది ఆవుల్లో మూడు నాలుగు చూడి కడితే బాగా జరిగినట్టే. మిగతా ఆరేడు ఆవుల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఎక్కువగా ప్రభుత్వ పథకమే పెట్టుకుంటోంది. దేశీ పశుజాతుల కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ గోకుల్ మిషన్ 2014లో మొదలైంది. ఇలా చూడి కట్టిన ఒక్కో ఆవుకు 5,000 రూపాయలు ప్రోత్సాహకంగా ఇస్తున్నారు. పథకం నడిచినన్నాళ్లు క్యాంపులు నడుస్తాయి. రెండెకరాలు, రెండు పశువులు ఉన్న రైతు తన జేబులోంచి వేలు పెట్టి పిండం వేయించుకుంటాడా? అనంతపురంలో వాన తప్పిన ఏడాది మేత లేక ఆవులనే అమ్ముకుంటారు. ఇక్కడ సొంత ల్యాబ్ పెట్టి బతకడం నాకైతే కష్టంగానే కనబడుతోంది.

ఈ భయం నాకు ఊరికే రాలేదు. కొన్నేళ్ల కిందట అనంతపురం అబ్బాయొకడు బీవీఎస్సీ అవ్వగానే ఒక ప్రైవేటు పిండమార్పిడి సంస్థలో చేరతానంటే, మంచి రంగం, చేరు అన్నది నేనే. ఏడాది తిరక్కముందే పథకం డబ్బు ఆలస్యమై జీతాలు ఆగిపోయాయి. అప్పటికి వాడికి పిండాన్ని స్ట్రాలో ఎక్కించడం వచ్చు గానీ, తిరగపొర్లే ఎనుము, అంటే ఎన్నిసార్లు ఎద సూది వేసినా చూడి నిలవని ఎనుము, ఎందుకు పొర్లుతోందో చెప్పడం రాదు. తిరిగి ఎంవీఎస్సీలో, అంటే పశువైద్యంలో పీజీలో, చేరడానికి వాడు రెండేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ సలహా నాది. అందుకే ఇప్పుడు జాగ్రత్తగా చెప్తున్నాను.

మీ పాప ముందు మామూలు ఎనుమును చూడి కట్టించగల డాక్టరు కావాలి. మన జిల్లాల్లో రైతును ముంచేది తిరగపొర్లడం, ఈనాక నెలల తరబడి ఎదకు రాకపోవడం, మాయ పడకపోవడం, దూడ అడ్డం తిరగడం. ఇవి బాగు చేసే చేతికి ఏ పథకం ఆగినా పని ఆగదు. పిండమార్పిడికి కావలసింది కూడా అదే చెయ్యి. అది తయారవ్వాలంటే వందల పశువుల్ని తడిమి చూడాలి. బీవీఎస్సీలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఆ ఏడాది చూడి పరీక్షలూ కష్టపు ఈతలూ ఎన్ని దొరికితే అన్ని చేయమనండి. తర్వాత గర్భకోశ, ప్రసూతి విభాగంలో రెండేళ్ల ఎంవీఎస్సీ. మనసు ఇంకా పిండాల మీదే ఉంటే కర్నాల్‌లో జాతీయ పాడి పరిశోధన సంస్థ (ఎన్‌డీఆర్ఐ), ఇజ్జత్‌నగర్‌లో భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్ఐ) ఉన్నాయి. మన రాష్ట్రంలోనూ పని ఉంది. 2023లో తిరుపతి గోశాలలో ఒంగోలు ఆవు కడుపున సాహివాల్ దూడ ఇలాగే పుట్టింది. నెల్లూరు జిల్లా చింతలదేవిలో జాతీయ కామధేను బ్రీడింగ్ సెంటర్ ఉంది.

గవర్నమెంటు ఉద్యోగం ఇంతకంటే నిలకడే. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ తేదీ చెప్పలేరు. ఈలోగా డెయిరీలు, మందుల కంపెనీలు, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పోస్టులు ఉంటాయి, ఖాళీగా కూర్చునే అవసరం రాదు. అన్నట్టు, కొద్ది వారాల్లో ఎంబ్రియాలజీ (పిండాల శాస్త్రం) సర్టిఫికెట్ ఇస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే డబ్బు కట్టకండి. ల్యాబ్ లోపల బయోటెక్నాలజీ చదివినవాళ్లూ పని చేస్తారు, నిజమే. కానీ వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా పశువుల డాక్టరుగా ప్రాక్టీసు పెట్టడానికి 1984 చట్టం ఒప్పుకోదు.

పాపకు కూడా ఒక మాట. ఈ పనిలో తన్నులుంటాయి, భుజం నొప్పులుంటాయి. ఈసుకుపోయిన (చూడి జారిపోయిన) ఆవు మాయను గ్లౌజు లేకుండా ముట్టుకుంటే బ్రూసెల్లా అనే క్రిమి మనుషులకూ అంటుకుంటుంది, నెలల తరబడి జ్వరాలు వస్తాయి. సీనియర్లు ఉత్త చేతులతో చేస్తున్నారని నువ్వు చేయకమ్మా.

అయ్యా, సీటు వస్తే చేర్చండి. ప్రొద్దుటూరు కాలేజీ మీకు దగ్గర, మొదటి ఆప్షన్‌గా అదే పెట్టుకోవచ్చు. మీ ఎనుము ఇంకో నెలలో ఈనుతుంది కదా. ఆ రాత్రి పాపను లేపండి, ఊరి డాక్టరును పిలిస్తే ఆయన పక్కన నిలబెట్టండి. తెల్లారాక ఇంకా ఇదే చదువుతానంటుందో లేదో తననే అడిగి, నాకు ఫోన్ చేయండి.