ఊటీ హోటల్‌లో పుట్టింటి వాటా: రిటైర్మెంట్ డబ్బు పెట్టాలా?

ప్రశ్న: మా తాతగారిది వన్ టౌన్‌లో గోనె సంచుల వ్యాపారం. 1951లో ఊటీలో ఒక ఇంగ్లీషు కుటుంబం దేశం వదిలి వెళ్తూ పాత హోటల్ అమ్మితే కొన్నారు. తర్వాత దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేశారు. ఇప్పుడు అక్కడ గది అద్దె రోజుకు పది వేల పైమాటే. మొత్తం 10,000 షేర్లలో నాన్నగారివి 2,500. ఆయన 2016లో, అమ్మ 2021లో పోయారు. వీలునామాలు లేవు. మేము నేనూ, తమ్ముడూ. హోటల్ నడిపేది పెదనాన్నగారి అబ్బాయి. మరమ్మతులకు 4 కోట్లు కావాలని, ఎవరి వాటా కొద్దీ వాళ్ళు వేయాలని అన్నయ్య అంటున్నారు. నా వంతు 50 లక్షలు. కుదరకపోతే నా పేరిట ఎంవీపీ కాలనీలో ఉన్న ఫ్లాటు బ్యాంకుకు తాకట్టు పెట్టమంటున్నారు. మా వారు 60 నిండి ఈమధ్యే రిటైరయ్యారు. చేతికి వచ్చింది 85 లక్షలు. "ఆస్తి విలువ 36 కోట్లు, అందులో నీది నాలుగున్నర కోట్లు, భయమెందుకు? ఒబెరాయ్ భార్య నగలు తాకట్టు పెట్టి హోటల్ కొనలేదా?" అంటున్నారు అన్నయ్య. ఈ తొమ్మిదేళ్ళలో డివిడెండ్ ఒక్క రూపాయి రాలేదు. కానీ చిన్నప్పటి వేసవి సెలవులన్నీ ఆ హోటల్లో, చలిమంట ఉన్న మూలగదిలోనే గడిచాయి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఫ్లాటు సంగతి తేల్చేద్దాం. అది పెట్టకండి. కంపెనీ అప్పుకు మీ ఇల్లు హామీగా ఉండి, ఆ అప్పు మొండి బాకీ అయిందనుకోండి. సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వేయకుండానే మీ ఫ్లాటును స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. హోటల్ నడపడంలో మీ మాట చెల్లదు, అది మునిగితే మాత్రం ఇల్లు మీది పోతుంది. అన్నయ్య బాధపడతారేమోనని సంతకం పెట్టకండి. "మా వారు ఒప్పుకోలేదు" అని చెప్పేయండి. ఇలాంటప్పుడు అల్లుడిగారి మీదకు నెట్టేయడం మన ఇళ్ళలో చెల్లుతుంది.

ఇక ఒబెరాయ్ మాట. ఒబెరాయ్ హోటళ్ళ స్థాపకుడు మోహన్ సింగ్ ఒబెరాయ్ 1922లో సిమ్లాలోని సెసిల్ హోటల్లో నెలకు 50 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరారు. పన్నెండేళ్ళు హోటల్ పని లోపలి నుంచి చూశాక, 1934లో భార్య నగలు, ఉన్న ఆస్తి తాకట్టు పెట్టి సిమ్లాలోనే క్లార్క్స్ హోటల్ కొన్నారు. తాళంచెవులు ఆయన దగ్గరే, లెక్కల పుస్తకాలూ ఆయన దగ్గరే. మీరు విశాఖలో ఉంటారు, నిర్ణయాలు ఊటీలో జరుగుతాయి. ఆయన కథ మీకు చెప్పాల్సినది కాదు, అన్నయ్యగారు తనకు తాను చెప్పుకోవాల్సినది. అదే కుటుంబం నుంచి ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన కుమారుడు పృథ్వీరాజ్ సింగ్ ఒబెరాయ్ 2023 నవంబరులో పోయాక, వీలునామాల మీద తగాదా 2024లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. అంత పెద్ద లాయర్లు, అంత పద్ధతిగా రాసుకున్న కాగితాలు ఉన్నచోటే అలా జరిగింది. మీ ఇంట్లో వీలునామాలే లేవు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "నాలుగున్నర కోట్లు". 36 కోట్లలో ఎనిమిదో వంతు నాలుగున్నర, లెక్క తప్పు కాదు. కానీ మీ చేతిలో ఉన్నది హోటల్లో ఎనిమిదో వంతు కాదు, హోటల్ ఉన్న కంపెనీలో ఎనిమిదో వంతు షేర్లు. వాటితో ఒక గది మీది అనలేరు. డివిడెండ్ ఇచ్చి తీరాలని పట్టుబట్టలేరు. ప్రైవేట్ కంపెనీ షేర్లు బయటివాళ్ళకు అమ్మనీయకుండా నిబంధనావళిలో షరతులు ఉంటాయి. అమ్మగలిగినా, మాట చెల్లని ఎనిమిదో వంతును ఎవరు కొంటారు? బంధువులే కొనాలి. వాళ్ళు చెప్పిందే ధర.

అందుకని చిన్న పరీక్ష పెట్టండి. అన్నయ్యగారితో నవ్వుతూనే అనండి: "నాలుగున్నర వద్దులే అన్నయ్యా, రెండుంపావుకే నా వాటా నువ్వు తీసేసుకో." ఆయన ఆలోచిస్తానంటే మీ షేర్లకు విలువ ఉంది. "ఇప్పుడు అంత డబ్బెక్కడిది, అయినా అమ్మేదేమిటి, తాతగారి ఆస్తి" అంటే, ఆ నాలుగున్నర కోట్లు మీ దగ్గర డబ్బు అడగడానికి పుట్టిన అంకె మాత్రమే.

దీనికంటే ముఖ్యమైన విషయం మీరు అడగలేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఆ 4 కోట్లకు కంపెనీ కొత్త షేర్లు జారీ చేస్తుంది కదా, ఒక్కో షేరు ఏ ధరకు? పాత షేరు ముఖ విలువ, అంటే షేరు కాగితం మీద రాసి ఉండే ధర, 100 రూపాయలు అనుకుందాం. మీ అన్నయ్య చెప్పిన 36 కోట్ల లెక్కన ఒక్కో షేరు అసలు విలువ 36,000. ఆ ధరకు జారీ చేస్తే 4 కోట్లకు వచ్చేవి దాదాపు 1,111 షేర్లు. మీరు ఒక్క పైసా వేయకపోయినా మీ వాటా 12.5 శాతం నుంచి 11.25 శాతానికి తగ్గుతుంది, అంతే. అదే 100 రూపాయలకు జారీ చేస్తే 4 లక్షల కొత్త షేర్లు పుడతాయి. మొత్తం 4,10,000 షేర్లలో మీ 1,250 ఎంత? 0.3 శాతం. తాతగారి హోటల్లో మీ పుట్టింటి వాటా ఒక్క తీర్మానంతో గాలికి పోతుంది, తాళం మార్చకుండానే.

పాత వాటాదారులకే ఇచ్చే ఇలాంటి రైట్స్ ఇష్యూకు కంపెనీల చట్టం విలువ నిర్ధారకుడి నివేదికను తప్పనిసరి చేయలేదు. ఆఫర్ తెరిచి ఉంచే గడువు కూడా కనీసం 7 రోజులే, ఎక్కువలో ఎక్కువ 30. మీరు తిరుపతి వెళ్ళొచ్చేలోపు అయిపోవచ్చు! మీ అన్నయ్యగారి మనసులో ఇది ఉందని నేను అనడం లేదు. ఆయనకూ తెలియకపోవచ్చు, కంపెనీ ఆడిటర్ "సులువుగా అయిపోతుంది" అని ముఖ విలువకే వేసేయవచ్చు. కానీ మీకు వాటా గొప్పగా చూపించేటప్పుడు 36,000, షేర్లు రాసుకునేటప్పుడు 100 అంటే కుదరదు. రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో విలువ కట్టించి, ఆ ధరకే జారీ చేయమని ఇప్పుడే ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో అడిగితే అడగనట్టే. నిబంధనావళి అడ్డు చెప్పకపోతే, మీకు వచ్చిన ఆఫర్‌ను మీ తమ్ముడికి వదులుకునే హక్కు కూడా మీకుంది. ఆయన దగ్గర డబ్బు ఉంటే ఆ వాటా కుటుంబంలోని మీ వైపే ఉండిపోతుంది.

ఆ ఆఫర్ లెటర్ మీకు రావాలంటే సభ్యుల రిజిస్టర్‌లో మీ పేరుండాలి. ఉందా? మీ ఉత్తరం చదివితే షేర్లు ఇంకా నాన్నగారి పేరిటే ఉన్నట్టు అనిపిస్తోంది. ఇది మొదటి పని. డెత్ సర్టిఫికెట్లు, వారసత్వ ధ్రువపత్రం పెట్టి 1,250 షేర్లు మీ పేరిట మార్పించుకోండి. "ఆడపడుచువని ఇస్తున్నాం" అనే మాట ఎవరైనా అంటే మొహమాటపడకండి. అందరూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు హక్కిచ్చిన 2005 సవరణ గురించే మాట్లాడతారు గానీ, వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది.

రెండోది, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో వంద రూపాయల ఫీజు కట్టి కంపెనీ కాగితాలు చూడండి. గత ఐదేళ్ళ బ్యాలెన్స్ షీట్లు, ఆస్తి మీద ఉన్న తాకట్టు వివరాలు కనిపిస్తాయి. డైరెక్టర్ల జీతాలెంత, అన్నయ్యగారు సొంతంగా కంపెనీకి అప్పిచ్చారా, దానికి వడ్డీ తీసుకుంటున్నారా చూడండి. తొమ్మిదేళ్ళు డివిడెండ్ లేకపోవడానికి కారణం సాధారణంగా ఆ రెండు లైన్లలోనే దొరుకుతుంది. మూడోది, స్థలం ఎవరి పేరిట ఉందో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. కంపెనీ పెట్టినా భూమి తాతగారి పేరిటే వదిలేసిన కుటుంబాలు ఉన్నాయి. అలా ఉంటే కథ మొత్తం మారుతుంది. అప్పుడు మీరు వాటాదారు మాత్రమే కాదు, భూమికి హక్కుదారు కూడా.

హోటల్ వ్యాపారం సంగతి కొద్దిగా. రోజుకు 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం, ఆ లోపు గదికి 5 శాతం. మీది పై వర్గం. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే నుంచి నీలగిరికి వెళ్ళే వాహనాలకు ఈ-పాస్ వచ్చింది, 2025 సీజన్‌లో రోజువారీ పరిమితి కూడా పెట్టారు. ఏప్రిల్, మే నెలల మీద బతికే ఊరికి అది చిన్న దెబ్బ కాదు. పాత కట్టడం, కొండ మీద చెమ్మ, చెక్క మెట్లు అంటే 4 కోట్ల మరమ్మతు 4 కోట్లతో ఆగదు. (ఇదంతా ఎందుకు, అరకులో నాలుగు గదులు కట్టుకుందాం అని మీ వారు అంటే, ఏజెన్సీ భూముల 1/70 చట్టం గుర్తుచేయండి. అక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు.)

ఎప్పుడైనా మీ షేర్లకు కొనుగోలుదారు దొరికితే పన్ను భరించగలిగినదే. లాభం మీద 12.5 శాతం. తాతగారి కాలం నుంచి వచ్చినవి కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపవచ్చు. దానికి విలువ నివేదిక ఇప్పుడే చేయించి దాచుకోండి. లాభం మీద పన్ను తప్పించుకోవడానికి కొనే 54ఈసీ బాండ్లు షేర్ల అమ్మకానికి పనికిరావు, అవి భూమి, భవనం అమ్మినవాళ్ళకే.

ఆ 85 లక్షల్లో 30 లక్షలు మీ వారి పేరిట పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేయండి. ప్రస్తుత 8.2 శాతం రేటుకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. ఏడాది ఖర్చుకు సరిపడా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. మిగతాది ఎలా పెట్టాలో మీ నెల ఖర్చు, పిల్లల బాధ్యతలు రాసి పంపితే చెబుతాను. హోటల్‌కు ఏమైనా ఇవ్వాలని మీ మనసు మరీ పీకితే, పోయినా నిద్ర పట్టేంత మొత్తం ఇవ్వండి. నా లెక్కలో అది 5 లక్షలు దాటకూడదు. అది కూడా షేర్లు మీ పేరిట మారాక, ధర తేలాక.

అన్నయ్యగారు వాల్యుయేషన్‌కు ఒప్పుకోకుండా 100 రూపాయలకే జారీ చేస్తే, చిన్న వాటాదారుల అణచివేత కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. మొత్తం సభ్యుల్లో లేదా మూలధనంలో పదో వంతు ఉన్నవాళ్ళకు ఆ హక్కుంది. 12.5 శాతం చేతిలో ఉండగా అడిగే మాటకు ఉన్న బరువు 0.3 శాతం అయ్యాక ఉండదు, కాబట్టి లాయరు నోటీసు ముందే వెళ్ళాలి. అంతదాకా రాకపోవచ్చు. చాలా ఇళ్ళల్లో ఒక మర్యాదైన ఈమెయిల్ చూడగానే లెక్కలు సర్దుకుంటాయి.

ఒప్పందం రాసుకునే రోజు వస్తే అందులో ఒక లైను నా తరఫున చేర్చండి: ఏడాదికి పది రోజులు, సీజన్ కాని రోజుల్లో, చలిమంట ఉన్న ఆ మూలగది మీకు, మీ పిల్లలకు ఉచితం. కంపెనీకి పెద్ద ఖర్చు కాదు, అన్నయ్యగారు వెంటనే ఒప్పుకుంటారు.