ముందు ఎలుకల్ని లెక్కపెట్టు తల్లీ

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

రెండేళ్లపాటు గుడ్లగూబల్ని లెక్కపెట్టబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చిన్నప్పుడు గుడ్లగూబ కక్కిన పెల్లెట్ (అరగని ఎముకలూ బొచ్చూ కలిసిన ఉండ) విప్పి, గోరంత పుర్రె దొరికితే ఇల్లంతా తిప్పి చూపించేదానివి. ఆ పిల్ల ఇప్పుడు పళ్లు చూసి ఎలుక జాతి చెప్పేస్తోందంటే గర్వంగా ఉంది. దిగులల్లా ఆ "రెండేళ్లు" అన్న మాటతోనే.

గుడ్లగూబల సంఖ్య వాటి తిండైన ఎలుకల్ని బట్టి ఉంటుంది. భూగోళపు ఉత్తర చలినేలల్లో వోల్ అనే పొట్టితోక ఎలుకలు, వాటి దగ్గరి చుట్టాలైన లెమ్మింగులు మూడు నాలుగేళ్లకోసారి విపరీతంగా పెరిగి, ఒక్కసారిగా పడిపోతాయి. 1924లోనే చార్లెస్ ఎల్టన్ అనే జంతుశాస్త్రవేత్త ఈ ఆటుపోట్ల గురించి రాశాడు. అందులో రెండేళ్లే చూస్తే పోటు మాత్రమే కనపడొచ్చు, లేదా ఆటు మాత్రమే. దాన్ని పట్టుకుని "ఈ పక్షులు పెరుగుతున్నాయి" అనో "అంతరించిపోతున్నాయి" అనో రాస్తే రెండూ తప్పే. కనీసం నాలుగేళ్లు కావాలి, ఎనిమిదైతే నిశ్చింత. డబ్బు రెండేళ్లకే ఉంటే ఏటా చేసే పని తగ్గించుకుని ఎక్కువ ఏళ్లు సాగదీయి.

అనుమతులు ముందే తీసుకో. పటం గీసుకో. రాత్రిపూట ఒక్కదానివే వెళ్లకు.

ఎలుకల లెక్క వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి ఉండాలి. ఏటా అవే తేదీలు, అదే చోటు, అవే బోనులు. పది మీటర్లకొకటి చొప్పున గళ్లుగా పెట్టు. మొదటి రెండు రాత్రులు తలుపు మూతపడకుండా కట్టేసి, ఓట్స్ వేసి వదిలెయ్, ఎలుకలకు అలవాటవుతుంది. తర్వాత మూడు రాత్రులు పట్టు. లోపల గుప్పెడు ఎండుగడ్డి, తడి కోసం క్యారెట్ ముక్క ఉండాలి. చుంచులు పడే చోటైతే ఈగల ప్యూపాలు కూడా వెయ్యి. వాటికి కొన్ని గంటలు తిండి లేకపోతే ప్రాణం పోతుంది. తెల్లవారగానే ఒకసారి, పొద్దుగూకేముందు ఒకసారి చూడాల్సిందే, బద్ధకిస్తే ఊరుకోను. ఒక బోను ఒక రాత్రి పెడితే ఒక బోను-రాత్రి. వంద బోను-రాత్రులకు ఎన్ని పడ్డాయన్నది నీ అంకె. మూతపడి ఖాళీగా ఉన్న బోనును అర రాత్రిగా లెక్కవెయ్యి, అది కొంతసేపు పనిచేసి ఆగిపోయింది కాబట్టి. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా, హంటావైరస్ సోకుతాయి.

బోనులు చాలకపోతే, గడ్డినేలల్లో పాతిక సెంటీమీటర్ల చదరపు చట్రం వేసి, వోల్ బాటల్లో కొత్తగా కొరికిన పచ్చగడ్డి తునకలు ఉన్నాయా లేదా అని చూడు. నూటికి ఎన్ని చట్రాల్లో ఉన్నాయో రాసుకుంటే చాలు.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ రంగంలో ఒక పాత తప్పుంది, నువ్వూ చేస్తావేమోనని నా భయం. రాత్రి కూతలు విని, ఎన్ని జంటలున్నాయో లెక్కగట్టి, "ఎలుకలు తగ్గినా గుడ్లగూబలు తగ్గలేదు" అని తేల్చెయ్యడం. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అడవిలో సదరన్ అనే పరిశోధకుడు 1947 నుంచి 1959 దాకా టానీ గుడ్లగూబల్ని గమనించాడు. 1958లో అక్కడ ఎలుకలు బాగా పడిపోయాయి. ఆ ఏడు ఒక్క జంట కూడా గుడ్ల జోలికి పోలేదు. అయినా జంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కూతలు మాత్రమే విన్నవాడికి ఆ ఏడు మామూలుగానే అనిపించి ఉండేది.

ఎందుకలా జరుగుతుంది? టానీ లాంటి పక్షికి తన హద్దులోని ప్రతి కొమ్మా తెలుసు. తిండి తగ్గినప్పుడు తెలియని చోటికి పోవడం కన్నా ఆ ఏటికి పిల్లల్ని మానుకుని ఉన్నచోటే బతకడం మేలు. గుడ్లు పెట్టేముందు మగది తెచ్చిచ్చే తిండితోనే ఆడదాని ఒంట్లో నిల్వ చేరుతుంది. ఆ తిండి రాకపోతే అది గుడ్లే పెట్టదు. పైగా హద్దు దొరక్క తిరిగే కుర్ర పక్షులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. హద్దున్న పక్షి చస్తే వాటిలో ఒకటి వచ్చి కూర్చుంటుంది. అంటే పైకి జంటల సంఖ్య కదలదు, కింద ఆ కుర్ర పక్షుల నిల్వ ఖాళీ అవుతూ ఉంటుంది. అది పూర్తిగా ఖాళీ అయ్యాక, కొన్నేళ్లకు, కారణమే లేనట్టు జంటలు పడిపోతాయి. అప్పుడు అందరూ ఆ ఏటి వాననో మంచునో తిట్టుకుంటారు.

అందుకే నీ పుస్తకంలో ఐదు గడులు గీసుకో: హద్దున్న జంటలు, గుడ్లు పెట్టిన జంటలు, గుడ్లు, గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లలు, ఎగిరిన పిల్లలు. గుడ్లను అదే ఏటి వసంతపు ఎలుకలతో పోల్చు. జంటలను మాత్రం కిందటి శరదృతువు ఎలుకలతో పోల్చు. కుర్ర పక్షులు చలికాలం దాటాయా లేదా అన్నది వాటిమీదే ఆధారపడుతుంది. రెండింటినీ ఒకే ఏటికి కట్టేస్తే సంబంధమే లేనట్టు కనపడుతుంది.

గుడ్లనూ ఎగిరిన పిల్లలనూ విడిగా రాయమన్నది ఊరికే కాదు. బార్న్ గుడ్లగూబ రెండు మూడు రోజులకో గుడ్డు పెడుతూ మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది. ఆరు పిల్లలుంటే పెద్దదానికీ చిన్నదానికీ దాదాపు రెండు వారాల తేడా. తిండి చాలకపోతే చిన్నది ముందు పోతుంది, ఒక్కోసారి తోబుట్టువులే తినేస్తాయి. అది చూసి ఏడవకు, జోక్యం చేసుకోకు.

అన్ని గుడ్లగూబలూ టానీలా కదలకుండా ఉండవన్నది కూడా గుర్తుంచుకో. టెంగ్మాల్మ్ గుడ్లగూబల్లో మగవి ఉన్నచోటే ఉంటే, ఆడవి వోల్స్ ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి వందల కిలోమీటర్లు పోతాయి. మంచు గుడ్లగూబ లెమ్మింగులు లేని ఏడు గుడ్లే పెట్టకపోవచ్చు, ఉన్న ఏడు పది దాకా పెడుతుంది. అవి దక్షిణానికి గుంపులుగా వస్తే ఆకలితో వచ్చాయనుకుంటారు. 2013 వేసవిలో ఉత్తర క్విబెక్‌లో లెమ్మింగులు విరగబడి, మంచు గుడ్లగూబల గూళ్లు పిల్లలతో నిండాయి. ఆ చలికాలంలో ఉత్తర అమెరికా తూర్పున కనపడినవాటిలో ఎక్కువ భాగం ఆ కుర్ర పక్షులే. కాబట్టి నీ చోటున పక్షులు లేకపోతే చచ్చాయని రాయకు, లేవని రాయి.

పెల్లెట్లు నెలనెలా ఏరి, తేదీ రాసిపెట్టు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి విప్పి, పుర్రెలు, ఎడమ దవడలు, కుడి దవడలు వేరువేరుగా లెక్కపెట్టి, మూడింటిలో పెద్ద అంకె తీసుకో. వాటిలో వచ్చే శాతాలను మాత్రం ఎలుకల లెక్కగా వాడకు. వోల్స్ సగానికి పడిపోయినా మిగతావీ పడిపోతే పెల్లెట్లో వాటి వాటా అలాగే ఉంటుంది.

గుడ్లగూబలు గూడు పెట్టుకునే పెట్టెలు కట్టేటప్పుడు రంధ్రం నుంచి అడుగుకు 45 సెంటీమీటర్లు తగ్గకూడదు, లేకపోతే పిల్లలు జారిపడతాయి. పెట్టె చోటిస్తుంది కానీ తిండి పెట్టదు. పక్కన ఎవరైనా ఎలుకల మందు పెడితే తేదీ, చోటు పటంలో గుర్తించు. బ్రోడిఫాకమ్ లాంటివి తిన్న ఎలుక వెంటనే చావదు, మందకొడిగా తిరుగుతూ గుడ్లగూబకు సులువుగా చిక్కుతుంది. ఆ మందు పక్షి కాలేయంలో పేరుకుంటుంది. చచ్చిన పక్షి దొరికితే ఎదురొమ్ము తడిమి చూడు. కండ కరిగి ఎముక మొనదేలితే ఆకలిని అనుమానించు. కండ నిండుగా ఉంటే మందునూ అనుమానించి కాలేయం పరీక్షకు పంపు.

చివరగా, నాకు నిద్రపట్టనివ్వని సంగతి. ఎరిక్ హాస్కింగ్ అనే ఫొటోగ్రాఫర్ 1937లో టానీ గుడ్లగూబ గోళ్లకు ఒక కన్ను పోగొట్టుకున్నాడు. రెక్కల చప్పుడు వినపడదు తల్లీ, తగిలాకే తెలుస్తుంది. గూటి దగ్గరకు పోయేటప్పుడు మొహం కప్పే హెల్మెట్ పెట్టుకో, నిచ్చెన కింద ఒక మనిషిని ఉంచుకో. గుడ్లు పెట్టే రోజుల్లో అసలు కదిలించకు, వదిలేసి పోతాయి. పిల్లలకు మూడు వారాలు దాటాక వెళ్లినప్పుడు గూట్లో మిగిలిన ఎలుకల్ని కూడా లెక్కపెట్టి రా.

హెల్మెట్ కొన్నాక ఫొటో పంపు. వసంతం లెక్క అవగానే బోనుల కాగితం కూడా పంపు, గుడ్లగూబల అంకె కోసం ఆగకు.

మీ పెదనాన్న